పెయింటు సంగతి తర్వాత, ముందు సంపు దించనివ్వండి

పోస్టు పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మాస్టారి హెరాల్డ్ కారు మీద మన గ్రూపులో వారం రోజులుగా నడుస్తున్న చర్చ చూస్తున్నాం. సగం మెసేజీలు రంగు గురించే. క్రీమా, ఆకాశ నీలమా, బంపర్లకు క్రోమియం ఎక్కడ వేయించాలి, ఉగాది ఊరేగింపులో ముందు ఎవరు కూర్చోవాలి. ఇంజిన్ ప్రస్తావన తెచ్చినవాళ్లేమో "బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టండి, వీడియో తీద్దాం" అన్నారు, లేకపోతే "ఆ పాతది పీకి మారుతి ఇంజిన్ పెట్టేస్తే పోలా" అన్నారు. ఆదివారాలు షెడ్డులో చేతులు నల్లగా చేసుకునే మాకు ఈ రెండు మాటలూ మింగుడు పడలేదు.

మొదట వీడియో సంగతి. మాస్టారు పోయాక పన్నెండేళ్లుగా ఆ కారు కదల్లేదు. అన్నేళ్లు నిలబడిన ఇంజిన్‌లో సిలిండర్ గోడల మీది ఆయిల్ కిందికి జారిపోతుంది. రింగులు గాడుల్లో అతుక్కుంటాయి. తెరుచుకుని ఉండిపోయిన వాల్వు గుండా తేమ దిగి బోరులో తుప్పు పడుతుంది. సంపులో ఆయిల్ తారులా గట్టిపడి పంపు జల్లెడను మూసేసినా ఆశ్చర్యం లేదు. అలాంటిదాన్ని సెల్ఫ్ కొట్టి తిప్పితే చప్పుడు వీడియోలో బాగానే వినిపిస్తుంది, లోపల పడే గీతలు కనిపించవు. ఈ తప్పు మేమే చేశాం కాబట్టి చెబుతున్నాం. నాలుగేళ్ల కిందట మాలో ఒకరి ఫియట్‌ను ఇలాగే స్టార్ట్ చేసి చప్పట్లు కొట్టాం. పది నిమిషాలకు నీలం పొగ. హెడ్డు విప్పితే మూడో సిలిండర్‌లో రింగు విరిగి, గోడ మీద గోరు దిగేంత గాటు. కొత్త పిస్టన్లు, బోరింగు, ఎనిమిది నెలలు పట్టింది.

ఇక ఇంజిన్ మార్పిడి. హెరాల్డ్ ఎక్కడో తయారై మన దగ్గరికి వచ్చిన బండి కాదు. 1961 నుంచి మన చెన్నైలోనే, వండలూరు దగ్గర స్టాండర్డ్ వాళ్ల ఫ్యాక్టరీలో తయారైంది. మాస్టారి కారులో ఉన్నది 948 సీసీ ఇంజిన్, ఆర్సీ పుస్తకంలో ఉన్న నంబరే దాని మీద ఇంకా చెక్కుచెదరకుండా ఉంది. 2021లో కేంద్రం వింటేజి బండ్లకు విడిగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలి. అప్పుడే ఆ 'వీఏ' అక్షరాల నంబరు ప్లేటు. మారుతి ఇంజిన్ బిగించిన రోజునే ఆ ప్లేటుకు నీళ్లొదులుకోవాలి. పైగా ఉగాది కవి సమ్మేళనానికి మైకులు, హార్మోనియం మోసింది ఈ ఇంజినే. అది తీసేస్తే మాస్టారి కారని పిల్లలకు చూపించేది ఏమిటి, రేకా?

"మీరెందుకు కష్టపడతారు, బోరింగ్ షాపుకి పంపేస్తే కొత్తదై వస్తుంది" అని పెద్దలొకరు ప్రేమగానే అన్నారు. వారి మీద గౌరవం ఉంది, కానీ ఒప్పుకోం. కొలవకుండానే బోరు కొట్టేసే షాపులున్నాయి. ఒక షాపు మాకు ఆ పని చేసింది కూడా. హోనింగుతో, కొత్త రింగులతో సరిపోయేదాన్ని ఓవర్‌సైజుకు కోసి బిల్లు చేతిలో పెట్టారు. కోసిన ఇనుము మళ్లీ రాదండీ. ఇంకోసారి కోయడానికి మందం మిగలకపోతే స్లీవులే గతి.

మేం అడుగుతున్నది చాలా చిన్న పని. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో కాస్త పల్చటి ఆయిల్ పోసి రెండు మూడు రోజులు వదిలేయాలి. తర్వాత చేత్తో తిప్పాలి, సెల్ఫ్‌తో కాదు. తేలిగ్గా తిరిగితే అప్పుడు కంప్రెషన్ చూడాలి. తక్కువ వచ్చిన సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తే, రీడింగు పెరిగితే రింగుల తప్పు, పెరగకపోతే వాల్వులదో హెడ్ ప్యాకింగుదో. పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువైతే ముందు ప్యాకింగునే అనుమానించాలి. డ్రెయిన్ చేసిన ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టు. మెరుపులుంటే బేరింగులు.

హెరాల్డ్‌కు ఇంకో జబ్బుంది, అంబాసిడర్ మెకానిక్కులు చాలామంది దీన్ని పట్టించుకోరు. క్రాంకు ముందుకీ వెనక్కీ జరగకుండా వెనక మెయిన్ బేరింగు దగ్గర రెండు అర్ధచంద్రాకారపు థ్రస్ట్ వాషర్లుంటాయి. అవి అరిగి జారి సంపులో పడితే క్రాంకు నేరుగా బ్లాకునే తినేస్తుంది. చూడడం పిల్లాడి పని. ఒకరు క్లచ్ తొక్కాలి, ఇంకొకరు ముందు పుల్లీని గమనించాలి. గోరు మందమంత కదిలినా ఎక్కువే. ఇంజిన్ దించనక్కర్లేదు, సంపు తీసి కింద నుంచే వాషర్లు మార్చొచ్చు. ఈ చిన్న ముక్కల్ని వదిలేసి బంపరు క్రోమియానికి వేలు పోయడం ఏం లెక్కో కమిటీ వారే చెప్పాలి.

పెట్రోలు విషయం కూడా. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపినది. ఆ కాలపు రబ్బరు పైపులు, ఫ్యూయల్ పంపు డయాఫ్రం దాన్ని తట్టుకోవు. వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారితే ఊరేగింపు సంగతి దేవుడెరుగు, చుట్టూ పిల్లలుంటారు.

పెయింటుకు ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి రాదంటున్నారు. సరే, పోనీ, మిగతా సొమ్మైనా ఆపండి. ఉగాదికి కారు కదలకపోతే కదలదు, దండ వేసి నిలబెడదాం.

ఆదివారం ఉదయం 7 గంటలకు షెడ్డులో సంపు దించుతున్నాం. కమిటీ వారు తప్పకుండా రావాలి, వాషర్లు మీ కళ్లముందే కొలుస్తాం. పాత బట్టలు వేసుకురండి, కాఫీ మాది.