'అస్లీ ఫైనల్' ఎవరి దగ్గరుంది భాయ్?

ఎల్గందల్ ఖిల్లా చుట్టుపక్కల, ఆదిలాబాద్ పాత మసీదుల్లో, ఖబ్రస్తాన్లలో రాళ్లమీది కత్బాలు అరిగిపోతున్నాయి. వాటిని చదివి రాసిపెడతామని నౌజవాన్లు ముందుకొస్తే ఎవరికైనా ఖుషీయే. కానీ ఇలాంటి పని నలుగురి చేతుల్లో పడ్డాక ఏమవుతుందో తెలుసు కదా! వాట్సాప్‌లో 'ఫైనల్', 'ఫైనల్ 2', 'అస్లీ ఫైనల్' తిరుగుతుంటాయి. హిజ్రీ సన్‌లో ఒక అంకె మారుతుంది. ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు? జవాబుండదు.

హదీస్ ఆలిములు మాట ఒక్కటే తీసుకోలేదు. ఎవరు ఎవరి దగ్గర విన్నారని సనద్ కూడా అడిగారు. ఆ వారసత్వం ఉన్న మనం, మన తహ్ఖీఖ్‌ని సనద్ లేకుండా వదిలేయడం ఏం ఇన్సాఫ్?

2005లో లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ పనికోసం తయారుచేసిన 'గిట్' ఈ పనికి సరిపోతుంది. ముఫ్త్‌గా దొరుకుతుంది. ఏ మార్పు ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేశారో రాసిపెడుతుంది. పాత నఖల్ పోదు. తెలుగు వికీపీడియా పేజీల్లో 'చరిత్ర' చూసినవాళ్లకు ఇది అర్థమవుతుంది. పైగా ప్రతి ఒక్కరి కంప్యూటర్‌లో పూర్తి నఖల్ ఉంటుంది. ఉట్నూరు వైపు సిగ్నల్ లేకపోయినా పని ఆగదు, ఇంటికొచ్చాక పంపొచ్చు.

షురూ చేయడం ముష్కిల్ కాదు. ఒకరు జిమ్మేదారీ తీసుకుని, బయటివాళ్లకు కనబడని రెపోజిటరీ తెరవాలి. ఇన్‌పేజ్ ఫైళ్లలో ఏ మాట మారిందో గిట్ చూపలేదు. కాబట్టి ఉర్దూ పాఠాన్ని యూనికోడ్‌లో సాదా టెక్స్ట్‌గా పెట్టాలి. పెద్ద ఫోటోలు వేరే చోట ఉంచాలి. రోజూ పని అయ్యాక సబబు రాసి కమిట్ చేయాలి. ఇద్దరి చదువులో ఇఖ్తిలాఫ్ వస్తే వేర్వేరు బ్రాంచీల్లో రాసుకుని, కూర్చుని మాట్లాడి కలపాలి. ఓడిన రాయ్ కూడా హాషియాలో ఉండనివ్వాలి.

"మేము ఉర్దూ మీడియం వాళ్లం, ప్రోగ్రామర్లం కాదు" అనేవాళ్లుంటారు. నాదీ ఉర్దూ మీడియమే. నాలుగైదు హుకుంలు చాలు, అవీ వద్దనుకుంటే బటన్లు నొక్కే గిట్‌హబ్ డెస్క్‌టాప్ ఉంది.

ఒక్క ఎహతియాత్. మాట్లాడినవాళ్ల ఫోన్ నంబర్లు, ఆధార్ అందులో పెట్టకండి. రేపు తుడిచేసినా పాత నఖల్‌లో ఉండిపోతాయి. జనం మనకిచ్చిన మాట అమానత్.

రేపు ఏ జమీన్ తగాదాలోనో "ఈ రాయిమీద ఇదే ఉందని ఎవరన్నారు?" అని అడుగుతారు. అప్పటికి రాయి ఉండకపోవచ్చు. చదివినవాడి పేరు, తారీఖు, దలీల్ మాత్రం మన దగ్గర ఉండాలి.