ఏటా మే 1న వచ్చే అత్యవసరం

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ (ఈపీఏ) అధిపతి లీ జెల్డిన్ గారికి,

2025 ఏప్రిల్ 28న మీరు ప్రకటించిన ‘అత్యవసర మినహాయింపు’ చూసి ఆశ్చర్యపోయినవాళ్లు ఎవరూ లేరు. చిక్కంతా అక్కడే ఉంది. 15 శాతం ఇథనాల్ కలిసిన ఈ15 పెట్రోలు వేసవి ఆవిరి పరిమితిని దాటినా, మే 1 నుంచి 20 దాకా అమ్ముకోవచ్చన్నారు. ఆ ఇరవై రోజులూ అయ్యాక ఇంకో ఇరవై, ఆపైన మరో ఇరవై, అలా సెప్టెంబరు 15 దాకా లాక్కొస్తారని ట్యాంకర్ నడిపేవాడికి కూడా తెలుసు. 2022లో ఇదే, 2023లో ఇదే, 2024లో ఇదే. రోహిణి కార్తె ఎప్పుడొస్తుందో పంచాంగం చూసి చెప్పినట్టు, మీ అత్యవసరం ఎప్పుడొస్తుందో క్యాలెండర్ చూసి చెప్పేయొచ్చు.

చట్టం ఏమంటుందో మీకు చెప్పాల్సి రావడమే విచిత్రం. ప్రకృతి విపత్తు రావాలి, లేదా పైప్‌లైనో రిఫైనరీ యంత్రాలో పాడవాలి, లేదా ముందుగా ఊహించలేనిదీ ఆపలేనిదీ ఇంకేదైనా జరిగి సరఫరా దెబ్బతినాలి. ముందుచూపు లేక తెచ్చుకున్న ఇబ్బంది ఈ లెక్కలోకి రాదు. క్లీన్ ఎయిర్ యాక్ట్‌లో ఈ వెసులుబాటు 2005 ఆగస్టులో చేరింది. అదే నెలాఖరున కత్రినా తుపాను లూసియానాను ముంచింది. అలాంటి రోజుల కోసం పెట్టిన వెసులుబాటు ఇది. 2022లో ఉక్రెయిన్ యుద్ధమన్నారు, సరే అనుకుందాం. ఈసారి సంగతేమిటి? 2025 జనవరి 20న అధ్యక్షుడు సంతకం పెట్టిన ఇంధన అత్యవసర ఉత్తర్వులోనే, ఏడాది పొడవునా ఈ15 అమ్ముకునేలా మినహాయింపును పరిశీలించమని రాసి ఉంది. మేలో రాబోయే కష్టం జనవరిలోనే కనబడితే అది ఊహించనిది ఎలా అవుతుంది?

ఈ ఆవిరి గొడవ మీ సంస్థకు కొత్తేమీ కాదు. పెట్రోల్లో బ్యూటేన్ కలిపితే రిఫైనరీకి లాభం: చవక, పైగా ఆక్టేన్ పెరుగుతుంది. చలికాలంలో ఇంజన్ త్వరగా అందుకుంటుంది కూడా. ఎండాకాలంలో మాత్రం అది ట్యాంకులో నిలవదు. కారు ఎండలో నిలబడినా, వేడి ఇంజన్ ఆపినా, పైపు పెట్టి నింపుతున్నా కొంత గాల్లో కలిసిపోతుంది. అక్కడ నైట్రోజన్ ఆక్సైడ్లు, ఎండ తోడై ఓజోన్ తయారవుతుంది. లాస్ ఏంజెలెస్ పొగమంచు గుట్టు ఇదేనని శాస్త్రవేత్త హాగెన్-స్మిట్ 1950ల తొలినాళ్లలోనే తేల్చారు. కాలిఫోర్నియా 1971లో ఆవిరి పీడనాన్ని 9 పీఎస్‌ఐకి కట్టేసింది. దేశం మొత్తానికి వేసవి పరిమితి రావడానికి 1989 దాకా ఆగాల్సివచ్చింది. 1992లో దాన్ని 9.0కు, ఓజోన్ ఎక్కువున్న దక్షిణాది ప్రాంతాల్లో 7.8కు బిగించారు. ఇంత చేసింది మీ సంస్థే.

మొక్కజొన్న రైతుల మాటలోనూ న్యాయం ఉంది. పది శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు 1990లో కాంగ్రెస్ ఒక పీఎస్‌ఐ అదనంగా ఇచ్చింది. ఈ15 ఆవిరి అంతకన్నా ఎక్కువేమీ కాదు, నిజానికి కాస్త తక్కువే. ‘పదికిచ్చింది పదిహేనుకెందుకివ్వరు’ అన్న ప్రశ్న కొట్టిపారేయాల్సింది కాదు. 2019లో ఇదే సంస్థ ఇస్తే, ఆ అధికారం చట్టం ఇవ్వలేదని 2021 జులైలో డి.సి. సర్క్యూట్ కోర్టు కొట్టేసింది. ముందు గుమ్మం మూసుకుపోయాక, ఏటా దొడ్డిదారి తెరుస్తున్నారు.

వేరే దారి లేదా అంటే, ఉంది. పది శాతం ఇథనాల్ పెట్రోలుకున్న సడలింపు తీసేసి, మూల పెట్రోలు ఆవిరినే తగ్గించమని 2022 ఏప్రిల్‌లో అయోవా, ఇల్లినాయ్, నెబ్రాస్కా సహా ఎనిమిది రాష్ట్రాల గవర్నర్లు అడిగారు. గాలి బాగుపడుతుంది, ఈ15 కూడా అమ్ముడవుతుంది. చట్టం ఇచ్చిన గడువు 90 రోజులు. తుది నిబంధన వచ్చింది 2024 ఫిబ్రవరిలో! ఈలోగా అయోవా, నెబ్రాస్కా కోర్టుకెక్కాయి. ఆ నిబంధన అమల్లోకి వచ్చిన రోజు 2025 ఏప్రిల్ 28. అవును, మీరు మినహాయింపు ప్రకటించిన రోజే. ఒహాయోకు మరో ఏడాది గడువు వేరే ఇచ్చారు. ఈ రెండు కాగితాలూ ఒకే ఆఫీసు నుంచి వెళ్లాయా?

తెలుగువాళ్లు స్థిరపడిన ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లు డాలస్ చుట్టుపక్కల ఓజోన్ పరిధిలోవే. అక్కడ కాలుష్యం తగ్గేలా మార్చిన ‘రీఫార్ములేటెడ్’ పెట్రోలే అమ్మాలన్న నిబంధన ఉంది కాబట్టి ఈ మినహాయింపు నేరుగా తగలదు. కానీ గాలికి కౌంటీ హద్దులు తెలుస్తాయా? 2015లో పెట్టిన 70 పీపీబీ ఓజోన్ ప్రమాణాన్ని ఆ ప్రాంతం నేటికీ అందుకోలేదు. ఓజోన్ హెచ్చరిక వచ్చిన సాయంత్రం, ఉబ్బసం ఉన్న పిల్లవాణ్ని క్రికెట్ కోచింగ్‌కు పంపాలో వద్దో తేల్చుకోలేని తల్లికి పీఎస్‌ఐ లెక్కలు ఎవరు చెప్పాలి?

ఇలాంటి సడలింపుల పాత పద్దులూ ఉన్నాయి. అట్లాంటా, షార్లెట్, రాలీల్లో 7.8 పరిమితి 9.0కు జారింది. గాలి మెరుగుపడింది, రాష్ట్రాలే అడిగాయి అన్నారు. కార్లలోనే ఆవిరి పట్టే ఏర్పాటుందని, 2012లో బంకుల్లోని ఆవిరి రికవరీ గొట్టాల నిబంధనను సడలించారు. ఒక్కోదానికీ ఒక్కో కారణం, విడిగా చూస్తే సబబుగానే ఉంటుంది. అన్నీ కలిపితే ఎంత ఆవిరో ఎవరైనా కూడారా? కూడితే ఆ లెక్క ఎక్కడుంది?

ఈ15 ఉండాలనుకుంటే కాంగ్రెస్‌తో చట్టం చేయించండి, లేదా గవర్నర్లు చూపిన దారిన నడవండి, లేదా మరేదైనా చేయండి. తర్వాతి ఉత్తర్వు ఇప్పటికే టైపై ఉంటే, ‘ముందుగా ఊహించలేని’ అన్న మాట పక్కన ఈసారి ఏం రాశారో కాస్త బయటపెట్టండి.