ఇంటింటి ముచ్చట్లు: సంఘానికి కెమెరా కొనవచ్చునా?



కామవరపుకోట మండలంలోని ఒక గ్రామం నుండి సంఘపెద్ద ఒకరు ఉత్తరం వ్రాశారు. వారి సంఘంలోని యౌవనస్థులు సంఘ నిధి నుండి డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ కెమెరా కొనమని అడుగుచున్నారట. "అందరి చేతుల్లో ఫోన్లు ఉన్నాయి కదా, మళ్ళీ కెమెరా ఎందుకు?" అని కొందరు పెద్దల మాట. ఇంతలో ఒక సహోదరుడు తన తండ్రిగారు వాడిన పాత నికాన్ ఫిలిం కెమెరాను, దానితోపాటు ఒక రేకు పెట్టెడు నెగటివులను తెచ్చి కాపరిగారి ఎదుట పెట్టారట. ఆ పెట్టెలో ఊరిలోని పెండ్లిండ్లు, బాప్తిస్మములు, సమాధి కార్యక్రమములు ఉన్నాయట. ఏమి చేయమంటారని అడిగారు.

ముందుగా కెమెరా సంగతి. ఎస్‌ఎల్‌ఆర్ అంటే, లెన్సు గుండా వచ్చిన వెలుగును లోపలి అద్దం పైకి మళ్ళించి మన కంటికి చూపించే కెమెరా. మీట నొక్కినప్పుడు అద్దం పైకి లేస్తుంది, వెలుగు వెనుకకు పడుతుంది. వెనుక ఫిలిం ఉంటే పాతది, ఫిలిం స్థానంలో సెన్సారు ఉంటే డిజిటల్. మిగతా పనితనం చాలా వరకు ఒకటే. కొడక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ అనే ఇంజనీరు 1975లో మొదటి డిజిటల్ కెమెరా తయారు చేశారు. అది ఒక నలుపు తెలుపు బొమ్మను క్యాసెట్టు మీదికి ఎక్కించడానికి 23 సెకండ్లు పట్టేది. అదే కంపెనీ 1991లో నికాన్ ఎఫ్3 బాడీకి సెన్సారు అమర్చి అమ్మింది. దాని ధర సామాన్యునికి అందేది కాదు. 1999లో నికాన్ డీ1, 2003లో వెయ్యి డాలర్ల లోపు కెనాన్ 300డీ వచ్చిన తరువాత గాని స్టూడియోలవారు ఫిలింను విడువలేదు. తానే కనిపెట్టిన దానిని నమ్ముకోలేక, కొడక్ కంపెనీ 2012 జనవరిలో దివాలా రక్షణ కోరింది.

మన మెట్ట ప్రాంతంలో ఈ మార్పు ఎట్లు వచ్చిందో నడివయస్సు దాటిన వారందరికీ జ్ఞాపకమే. యాషికా కెమెరాలో 120 రీలు వేస్తే పన్నెండు ఫోటోలు. తరువాత వచ్చిన 35 మిల్లీమీటర్ల రీలులో ముప్పై ఆరు. పెండ్లికి రెండు రీళ్ళు ఒప్పుకుంటే డెబ్బై రెండు ఫోటోలే, ఫోటోగ్రాఫరు వేళ్ళ మీద లెక్క పెట్టుకొని తీసేవారు. రీలు కడిగించి ప్రింట్లు వేయించడానికి పట్టణంలోని కలర్ ల్యాబుకు పంపాలి. ప్రింట్లు వచ్చే వరకు వధువు కన్ను మూసిందో తెరిచిందో ఎవరికీ తెలియదు. కొన్ని ఇండ్లలో తాతగారి ఫోటో ఒక్కటంటే ఒక్కటే, అది కూడా ఎవరి పెండ్లిలోనో మూలకు నిలబడి పడినది. ఆయన ప్రభునందు నిద్రించినప్పుడు దానినే కత్తిరించి పెద్దది చేయించేవారు. డిజిటల్ కెమెరా వచ్చాక రీలు ఖర్చు పోయింది. రెక్కల కష్టం మీద బ్రతికే కుటుంబానికి కూడా బిడ్డ మొదటి పుట్టినరోజు ఫోటో దొరికింది. ఇది మేలు కాదనలేము. అయితే రీళ్ళు కడిగి బ్రతికినవారికి మాత్రం ఆ మార్పు కఠినమైనదే. డార్క్ రూములో హైపో వాసన మధ్య పని నేర్చుకున్న మనిషి యాభై ఏండ్ల వయస్సులో కంప్యూటరు ముందు కూర్చోవలసి వచ్చింది. కొందరు కూర్చోగలిగారు, కొందరు షట్టరు దించేశారు.

ఇక ఫోను చాలదా అన్న ప్రశ్న. ఆరుబయట పగటి వెలుగులో చాలును. మందిరం లోపల సాయంకాల ఆరాధనలో, దూరాన నిలిచిన వారిని తీయాలంటే ఎస్‌ఎల్‌ఆర్‌కే బలం ఎక్కువ. కారణం దాని సెన్సారు ఫోను సెన్సారు కంటే చాలా పెద్దది. ఫిలిం వేగం 100 గాని 400 గాని, ఒకసారి రీలు వేస్తే అది అయిపోయే వరకు అదే. డిజిటల్‌లో ప్రతి ఫోటోకూ మార్చుకోవచ్చు. 1600, 3200 పెట్టుకుంటే ట్యూబులైట్ల వెలుగే చాలును, ఫ్లాషు అక్కరలేదు. సంఘములకు ఇది చిన్న విషయం కాదని నా అభిప్రాయం. ప్రభువు బల్ల దగ్గర మోకరించినవారి ముఖాల మీద ఫ్లాషు మెరిపించడం, ప్రార్థన జరుగుచుండగా ప్రసంగ పీఠానికి అడ్డముగా నడవడం ఏ కెమెరాతో చేసినా తగదు. కెమెరా కొనే ముందే పెద్దలు ఈ నియమం వ్రాసి పెట్టుకోవాలి.

ఫిలింకు అలవాటుపడిన చేతికి డిజిటల్‌లో మొదట తగిలే దెబ్బ తెల్లబట్టల దగ్గర. కలర్ నెగటివు మీద వెలుగు కాస్త ఎక్కువ పడినా ఓర్చుకుంటుంది, ల్యాబులో సరిచేసేవారు. సెన్సారు అట్లా ఓర్చుకోదు. మన క్రైస్తవ వధువు తెల్లచీర, బాప్తిస్మపు తెల్లవస్త్రములు, సున్నం వేసిన గోడ, వీటి మీద ఎండ పడితే జరీ అంచు, మడతలు అన్నీ కలిసిపోయి తెల్లకాగితంలా మిగులుతుంది. ఒకసారి పోయిన ఆ మడతలు ఏ కంప్యూటరులోనూ తిరిగి రావు. కాబట్టి తెలుపును చూసి వెలుగు తగ్గించి తీయాలి. ముఖం కొంచెం చామనగా వస్తే తరువాత తేటపరచవచ్చును.

ఆ సహోదరుని పాత నికాన్ లెన్సులు పారవేయవద్దని చెప్పండి. నికాన్ కంపెనీ 1959లో పెట్టిన లెన్సు బిగింపునే తన డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్‌లకూ కొనసాగించింది. మరీ పాత లెన్సులు కొన్ని బిగించరాదు, కొన్నిటిలో ఫోకసు, వెలుగు చేతితోనే చూసుకోవాలి; కొనే ముందు ఆ లెన్సు తీసుకువెళ్ళి తెలిసినవారికి చూపించండి. చిన్న సెన్సారు గల బాడీ మీద 50 మి.మీ. లెన్సు 75 లాగా దగ్గరకు లాగుతుంది, ముఖాలు తీయడానికి బహు బాగుంటుంది. కెనాన్ వారు మాత్రం 1987లో బిగింపు మార్చివేశారు, అంతకు ముందటివి పట్టవు.

ఇంకొక సంగతి తెలిసి కొనండి. డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ కూడా ఇప్పుడు పాతబడుచున్నది. అద్దం లేని కెమెరాలు దాని స్థానం తీసుకొన్నాయి. కెనాన్ అధిపతి 2021లోనే తమ మేటి ఎస్‌ఎల్‌ఆర్‌లలో అప్పుడున్నదే చివరిదని ప్రకటించారు. ఇది మనకు నష్టం కాదు, లాభమే. స్టూడియోలవారు మార్చుకొనుచుండగా మంచి బాడీలు సెకండు హ్యాండులో తక్కువకు వస్తున్నవి. షట్టరు ఎన్నిసార్లు కొట్టిందో లెక్క చూపమని అడగండి. చాలా బాడీలకు తయారీదారుల అంచనా లక్ష దాకా ఉంటుంది, ఎనభై వేలు దాటినది వద్దు. కెమెరా కోసం అప్పు చేయవద్దు, కాపరిగారి జీతం బాకీ పెట్టి అసలే వద్దు. మన మెట్టలో ఎర్రదుమ్ము, కొల్లేరు వైపు తేమ. లెన్సు ఆరుబయట మార్చవద్దు, సంచిలో సిలికా జెల్ పొట్లాలు ఉంచండి. లేకపోతే గాజు మీద బూజు పడుతుంది.

ఇంత వ్రాసినది అసలు ఆ రేకు పెట్టె కోసం. యొర్దాను దాటినప్పుడు యెహోషువ పన్నెండు రాళ్ళు ఎత్తించి నిలిపినది, రాబోవు పిల్లలు అడిగినప్పుడు చెప్పడానికే గదా. ఆ పెట్టె మీ సంఘానికి అటువంటిదే. హైదరాబాదు ఆరవ నిజాము దగ్గర ఫోటోగ్రాఫరుగా ఉన్న రాజా దీన్‌దయాళ్ 1905లో కన్నుమూశారు, ఆయన గాజు నెగటివులు వేలకొలది నేటికీ నిలిచియున్నవి. మరి మనలో ఎందరి ఇండ్లలో 2006 పెండ్లి సీడీ తెరుచుకుంటున్నది? ఎనిమిది వందల ఫోటోలు తీసి, ఒక్కటీ ప్రింటు వేయక, ఫోను పాడైనప్పుడు ఏడ్చే కుటుంబములు ప్రతి ఊరిలో ఉన్నవి.

కొన్న కెమెరాతో మొదటి పని ఆ నెగటివులనే తీయండి. తెల్లని వెలుగు పలక మీద నెగటివు పరచి, మెరిసే వైపు పైకి ఉంచి, కెమెరాను స్టాండుకు తలక్రిందుగా బిగించి తీయాలి. 120 నెగటివు పెద్దది గనుక కెమెరాతో వచ్చే 18–55 లెన్సుతోనే అవుతుంది, 35 మి.మీ. దానికి మాక్రో లెన్సు కావాలి, ఎవరినైనా అడిగి తెచ్చుకోండి. నలుపు తెలుపు అయితే కంప్యూటరులో తిరగవేస్తే చాలు. రంగు నెగటివుకు నారింజ పొర ఉంటుంది, కొంత ఓపిక పట్టాలి. ప్లాస్టిక్ కవర్లలో అంటుకుపోయిన వాటిని లాగవద్దు. మిగతావాటిని బటర్ పేపరు కవర్లలోకి మార్చండి. తీసిన బొమ్మలు రెండు హార్డ్ డిస్కులలో ఎక్కించి, ఒకటి మందిరంలోను, ఒకటి వేరే ఊరిలోని విశ్వాసి ఇంటిలోను ఉంచండి. సంవత్సరానికి ఒకసారి తెరచి చూడండి. ముఖ్యమైనవి ప్రింటు వేయించండి.

ఈ పని వానలకు ముందే మొదలు పెట్టండి. ప్రింట్లు రాగానే స్త్రీల సమాజంలోని పెద్దమ్మలను కూర్చోబెట్టి, బొమ్మలో ఎవరెవరో, ఏ ఇంటి వారో అడిగి వ్రాసుకోండి. ఆ పేర్లు తెలిసినవారు ఏటేటా తగ్గిపోవుచున్నారు. ప్రింటు వెనుక మెత్తని పెన్సిలుతోనే వ్రాయండి, బాల్‌పెన్ను నొక్కు ముందు వైపుకు తేలుతుంది.