రక్తం తీసేటప్పుడు ఒక కంట కనిపెట్టండి

రక్తపరీక్ష అనగానే చాలామంది ముఖం అటు తిప్పేసుకుంటారు. గుచ్చే క్షణంలో తిప్పుకుంటే తిప్పుకోండి గాని, దానికి ముందూ తర్వాతా మాత్రం చూస్తూ ఉండండి. రోగి చూడలేకపోతే పక్కనున్నవారు చూడాలి.

వెనకటి రోజుల్లో గాజు సిరంజినీ, సూదినీ మరగబెట్టి మళ్ళీ మళ్ళీ వాడేవారు. ఇప్పుడు ఒకరికి వాడిన సూది ఇంకొకరికి పనికిరాదు. సీలున్న సూదిని మీ ఎదుటే విప్పమనండి. సిరంజితో తీస్తే అదీ కొత్తదే కావాలి; సూది మార్చాం కదా అంటే చాలదు. ఎండిపోయిన నెత్తురు మరకలో హెపటైటిస్ బి వైరస్ వారం రోజులైనా బతికి ఉండగలదు. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. పని తెలిసినవారు నొచ్చుకోరు.

స్పిరిటుతో తుడిచాక అర నిమిషం ఆరనివ్వాలి. తొందర కొద్దీ నోటితో ఊదేవాళ్ళున్నారు, వద్దనండి. తుడిచిన చోట మళ్ళీ వేలితో తడమకూడదు. రబ్బరు పట్టీ నిమిషానికి మించి బిగించి ఉంచకూడదు. మీరూ పిడికిలి పదే పదే మూసి తెరవకండి. పొటాషియం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

సూది విషయంలో ఈ మధ్య జనానికి కాస్త తెలివిడి వచ్చింది గాని, పేరు సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదు. పొద్దున్నే మనిషి ఇంటికొచ్చి అత్తగారికీ, కోడలికీ వరసగా రక్తం తీస్తాడు. ఖాళీ గొట్టాల మీద పేర్లు ముందే రాసి ఉంటాయి. ఒకటికొకటి మారితే? షుగరున్న అత్తగారు మందు లేకుండా ఉండిపోతారు, లేని కోడలు మాత్రలు మింగుతుంది. అందుచేత రక్తం తీసిన వెంటనే, మీ ముందే, ఒకరిది పూర్తయ్యాకే ఇంకొకరిది రాయించండి. మీ పేరూ వయసూ మీరే చెప్పండి. "సుబ్బమ్మగారేనా?" అని అడిగితే, చెవి వినపడని పెద్దవాళ్ళు దేనికైనా "ఆఁ" అంటారు!

వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టబోతే వారించండి. వేలికి గుచ్చుకునేది అప్పుడే. అది గట్టి డబ్బాలో పడాలి, మీ ఇంటి చెత్తబుట్టలో కాదు. ఆ చెత్త ఎత్తేవారివీ చేతులే కదా.

కొన్ని సంగతులు మీరే ముందుగా చెప్పాలి. రక్తం పలచబడే మందులు వాడుతున్నారా? ఇదివరకు కళ్ళు తిరిగి పడిపోయారా? అయితే పడుకోబెట్టి తీయమనండి. డయాలిసిస్ కోసం ఆపరేషన్ చేసిన చేతిని ముట్టనివ్వకండి. రొమ్ము ఆపరేషన్‌లో చంక గ్రంథులు తీసేసి ఉంటే రెండో చెయ్యి ఇవ్వండి.

సూది తీశాక మోచెయ్యి మడవడం అందరికీ అలవాటు. మడవకండి, కమిలిపోతుంది. చెయ్యి చాచి, దూదితో రెండు మూడు నిమిషాలు గట్టిగా అదిమి పట్టండి. పలచబడే మందులు వాడేవారు ఇంకాసేపు పట్టాలి. గుచ్చినప్పుడు వేళ్ళదాకా కరెంటు షాకు కొట్టినట్లుంటే ఓర్చుకుని కూర్చోకండి. వెంటనే సూది తీసెయ్యమనండి.