చేపలారేసుకునే చోటే మనకి బీచి

కోస్తా జిల్లాల టూరిజం పోస్టర్లని ఎప్పుడైనా వరసగా పెట్టి చూశారా? కొబ్బరిచెట్లుంటాయి. పడవ వుంటుంది. సూర్యోదయం వుంటుంది. అమ్మాయి గనక వుంటే ఆమె తప్పకుండా బయటినించి వచ్చిందే అయి వుంటుంది. జుట్టు విరబోసుకుని, చేతులు చాచి, సముద్రం వైపు తిరిగి నించుంటుంది. అదే ఇసక మీద తెల్లారకుండానే చేరి పడవల కోసం కాచుకుని కూర్చునే ఆడవాళ్ళు మాత్రం ఏ పోస్టర్లోనూ కనపడరు. గంపలుండవు. ఎండుచేపలుండవు. అక్కడ మనుషులు బతుకుతున్నారన్న ఆనవాలే వుండదు. ఫొటో తీసే ముందు ఎవరో ఇసకంతా ఊడ్చేసినట్టుంటుంది.

పోస్టర్లో ఊడ్చింది చాలక ఇప్పుడు నేల మీద కూడా ఊడుస్తున్నారు. నా గొడవంతా దాని గురించే.

ఇచ్ఛాపురం నించి తడ దాకా మన తీరం కొత్త కొలతల్లో వెయ్యి కిలోమీటర్లు దాటింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 డిసెంబరులో తెచ్చిన పర్యాటక విధానం ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. పరిశ్రమ అన్నాక రాయితీలొస్తాయి, పెట్టుబడులొస్తాయి, వాటికి భూమి కావాలి. ఆ దారి అంతకుముందే సుగమమైంది. తీరప్రాంత క్రమబద్ధీకరణ కోసం కేంద్రం 2019లో ఇచ్చిన నోటిఫికేషన్, జనసాంద్రత చదరపు కిలోమీటరుకి 2,161 దాటిన గ్రామీణ తీరాల్లో 200 మీటర్ల నిర్మాణ నిషేధాన్ని 50 మీటర్లకి కుదించింది. పోటు గీతకి పది మీటర్లు వదిలేస్తే చాలు, పర్యాటకుల కోసం తాత్కాలిక పాకలు వేసుకోవచ్చంది. చేపలు ఆరబెట్టుకునే స్థలాలకి కూడా ఆ చట్టంలో అనుమతి వుందని ఎవరైనా నాకు గుర్తు చెయ్యొచ్చు. వుంది. కానీ అనుమతి వేరు, చోటు వేరు. పాక వేసేవాడి చేతిలో కాగితం వుంటుంది. తరాలుగా అక్కడే చేపలారేసుకునే ఆమె చేతిలో ఏముంటుంది? ఆ ఇసకకి పట్టా లేదు. అలవాటే ఆమె హక్కు. అలవాటుకి సర్వే నెంబరుండదు.

చేపలు ఆరబెట్టడమంటే ఖాళీ వేళల్లో చేసే పని కాదు. అమ్ముడుపోని చేప, నెత్తళ్ళు, కవళ్ళు వంటి చిన్నచేప గంటల్లో పాడైపోతుంది. దాన్ని కడిగి, ఉప్పేసి, ఎండలో పరిచి, తిరగేసి, కాకుల్నీ కుక్కల్నీ తోలి, వానొస్తే పరిగెత్తి ఎత్తి, మళ్ళీ పరిచి నిలవ చేసేది ఆడవాళ్ళు. దానికి విశాలమైన, ఎవరూ తొక్కని చోటు కావాలి. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నించి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ రెండు నెలలూ చాలా ఇళ్ళలో పొయ్యి వెలిగేది ముందే ఎండబెట్టి దాచుకున్న చేపతోనే. పడవెక్కే మత్స్యకారుడికి ఆ రోజులకి ప్రభుత్వం భృతి ఇస్తుంది, 2025లో దాన్ని ఇరవై వేలకి పెంచింది. మంచిదే. ఆ పడవ తెచ్చే చేప మీదే బతికే ఆమెకి ఏ భృతి? సరిగ్గా ఆ నెలల్లోనే మనకి వేసవి సెలవులు, బీచి నిండా జనం. ఆమె దగ్గర మిగిలిన కాసిని చేపల్నీ ‘కంపు’ అని పక్కకి తీసెయ్యమనేదీ అప్పుడే.

వాసన గురించి కూడా మాట్లాడుకుందాం. 2021 డిసెంబరులో తమిళనాడులోని కొలచెల్‌లో చేపలమ్ముకుని ఇంటికి వెళ్తున్న ఒక ముసలామెని వాసనొస్తోందని బస్సులోంచి దించేశారు. ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం వున్న బస్సే అది. ఆమె బస్టాండులో నిలబడి నిలదీసింది కాబట్టి రాష్ట్రమంతా తెలిసింది, ముఖ్యమంత్రి ఖండించారు. నిలదియ్యని వాళ్ళు ఎందరో! మనకీ 2025 ఆగస్టు 15 నించి ఆంధ్రలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం వచ్చింది. నాకు చాలా సంతోషం. కానీ టికెట్టు లేకుండా ఎక్కే హక్కు ఆమెకి మాత్రమేనా, ఆమె గంపకి కూడానా?

ఉద్యోగాలొస్తాయి కదా అంటారు. ఏ ఉద్యోగాలు? నేను చూసిన రిసార్టుల్లో ఆ వూరి ఆడవాళ్ళు దుప్పట్లు ఉతుకుతున్నారు, గిన్నెలు తోముతున్నారు, బాత్‌రూములు కడుగుతున్నారు. చేప అమ్మేటప్పుడు ఆమె బేరమాడేది, అప్పులిచ్చేది, ధర తేల్చేది, డబ్బు రొంటిన దోపుకునేది. మార్కెట్టులో గొంతున్న మనిషిని తెచ్చి గొంతెత్తకూడని పనిలో పెట్టి దాన్ని అభివృద్ధి అంటున్నాం. ఇక హోమ్‌స్టేలు! కోనసీమ ఇంట్లో ఇంటిభోజనం, పూతరేకులు, అరటాకు. ఆ వంట ఎవరిది? అతిథి లేవక ముందు లేచేదెవరు, పడుకున్నాక పడుకునేదెవరు? రోజూ జీతం లేకుండా చేసే చాకిరీనే పదిమందికి చేయించి, రిజిస్ట్రేషను మాత్రం ఇంటాయన పేర పెడితే పితృస్వామ్యానికి కొత్త బోర్డు కట్టడమే అవుతుంది.

సాహస క్రీడల సంగతి వేరే చెప్పాలి. పారాసెయిలింగ్, జెట్ స్కీ, స్కూబా, కయాకింగ్ అని ప్రతి ప్రణాళికలోనూ రాస్తారు. 2004 సునామీ తర్వాత ఆక్స్‌ఫామ్ సంస్థ లెక్కలు బయటపెట్టింది. ఒక్క నాగపట్టణం జిల్లాలోనే చనిపోయినవాళ్ళలో 2,406 మంది స్త్రీలు, 1,883 మంది పురుషులు. కారణాలు వింటే కడుపు తరుక్కుపోతుంది. మగవాళ్ళు వేటలో వున్నారు, ఆడవాళ్ళు చేప కోసం ఒడ్డున కాచుకుని వున్నారు. చాలామందికి ఈత రాదు, చెట్టెక్కడం రాదు. మనకేమీ ఇది దూరపు కథ కాదు. 1977 నవంబరులో దివిసీమ, 1996 నవంబరులో కోనసీమ మునిగిన తీరం మనది. సముద్రం పక్కనే పుట్టి పెరిగిన ఆడపిల్లకి ఈత నేర్పించడం ఏ ప్రణాళికలోనూ లేకుండా, వారాంతానికి వచ్చిపోయేవాళ్ళకి లైఫ్ జాకెట్టు తొడిగి సాహసం అమ్మడం సిగ్గుచేటు కాదా?

ఇదంతా విని, ‘ఆడవాళ్ళు బయటికి రావడమే కష్టం, నువ్వేమో బీచికి కూడా వద్దంటున్నావా?’ అని మీలో కొందరికి కోపం రావచ్చు. నేనలా అనడం లేదు. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే ముంబయి గురించి 2011లో రాసిన ‘వై లాయిటర్?’ మనలో చాలామంది చదివాం. ఏ పనీ లేకుండా వీధిలో తిరగడం కూడా స్త్రీ హక్కేనని వాళ్ళు వాదించారు. నేను ఒప్పుకుంటాను. ఇసక మీద కాళ్ళు చాపుకుని ఊరికే కూర్చునే మధ్యాహ్నం ప్రతి ఆడదానికీ కావాలి. కానీ ఆ మధ్యాహ్నం ఇప్పుడెవరికి దొరుకుతోంది? పబ్లిక్ బీచికి వెళ్ళిన ఆడవాళ్ళు మరుగుదొడ్డి లేక నీళ్ళు తాగడం మానేస్తారు. మునిగితే చీర మార్చుకునే గది వుండదు, తడిబట్టలతో బస్సెక్కాలి. బీరు సీసాల గుంపులు దిగేసరికి వెనక్కి తిరగాలి. ఇవన్నీ కావాలంటే గేటు లోపలికి, డబ్బు కట్టి వెళ్ళాలి. కాబట్టి తగువు తీరిక కోరుకునే స్త్రీకీ కష్టం చేసే స్త్రీకీ మధ్య కాదు. ఆ గేటు ఇద్దరినీ బయటే నిలబెడుతోంది. వాళ్ళిద్దరూ ఒకరికొకరు అడ్డమని మనల్ని నమ్మించడం గేటు కట్టినవాడికి లాభం.

మన యాత్రారచనలు కూడా ఆ పని చేస్తున్నాయని నా ఆరోపణ. రచయిత్రులం కలిసి వెళ్తాం, అలల్లో కేరింతలు కొడతాం, చిన్నపిల్లలమైపోయామని రాసుకుంటాం. ఆ ఆనందం నిజమైందే. కానీ ఆ పది పేజీల్లో మత్స్యకార స్త్రీ ఒక్క వాక్యంలో, ‘శ్రమైక సౌందర్యం’గా నడిచిపోతుంది. ఆ గంప బరువెంత, చేప ఎంతకి కొన్నది, ఎంతకి అమ్మింది, రాత్రి ఎక్కడ దింపుకుంది అని మనం అడగం. స్త్రీల శ్రమ కనపడకుండా పోతోందని సిద్ధాంత వ్యాసాలు రాసే మనమే, కళ్ళెదుట వున్న శ్రమని దృశ్యంగా మారిస్తే పోస్టరుకీ మనకీ తేడా ఏమిటి?

అడగాల్సినవి పెద్దవేం కావు. బీచి ప్రణాళిక గీసే ముందు ఆడవాళ్ళు చేపలు ఏరుకునే, ఆరేసుకునే, అమ్ముకునే చోట్లు మ్యాపులో గుర్తించాలి. గ్రామసభలో వాళ్ళు ఒప్పుకున్నాకే గుంజ పాతాలి. మరుగుదొడ్లు, మంచినీళ్ళు, బట్టలు మార్చుకునే గదులు పర్యాటకురాలికీ చేపలమ్మే ఆమెకీ ఒకే తలుపుతో, ఉచితంగా వుండాలి. హోమ్‌స్టే రిజిస్ట్రేషను చాకిరీ చేసే మనిషి పేర వుండాలి. పడవల కంటే ముందు ఆ వూరి ఆడపిల్లలకి ఈత రావాలి. వీటిలో ఒక్కటి కూడా లేని ప్రణాళికకి మనం ‘అబ్బ, మన తీరం ఎంత బాగుపడిందో’ అని చప్పట్లు కొట్టక్కర్లేదు.