ఇల్లు అమ్మేవాళ్లు లోపాలు దాచితే నేరుగా మోసమే! కానీ చట్టంలో ఓ మెలిక ఉంది

హైదరాబాద్‌లో 2024 జులైలో హైడ్రా ఏర్పాటైంది. చెరువుల ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్లలోని కట్టడాల కూల్చివేతలతో ఇల్లు కొనాలనుకునేవారిలో ఒకటే టెన్షన్. అమ్మేవాళ్లు ఏమైనా దాచిపెడితే చట్టం మనల్ని కాపాడుతుందా? కాపాడుతుంది.. కానీ కొంతవరకే.

చట్టం ఏం చెబుతోంది?

1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని సెక్షన్ 55 ఇక్కడ కీలకం. ఇంట్లో గానీ, టైటిల్‌లో గానీ పెద్ద లోపం ఉండి, అది అమ్మేవారికి తెలిసి, కొనేవారికి తెలియకపోతే చెప్పి తీరాలి. చెప్పకుండా దాస్తే చట్టం దృష్టిలో అది మోసమే. అడిగితే ఒరిజినల్ పత్రాలు చూపించాలి. అమ్మిన రోజు వరకు ఉన్న పన్ను బకాయిలూ అమ్మేవారే కట్టాలి.

మెలిక ఎక్కడుంది?

మామూలు జాగ్రత్తతో చూస్తే కొనేవారికే తెలిసిపోయే లోపాన్ని చెప్పాల్సిన బాధ్యత అమ్మేవారిపై లేదు. స్లాబ్ పెచ్చులూడి కనిపిస్తుంటే, తర్వాత 'నాకు చెప్పలేదు' అంటే కుదరదు. అదే లీకేజీని రంగులేసి కప్పేస్తే కథ వేరు. చెరువు హద్దుల విషయంలోనూ 'రికార్డులు చూస్తే తెలిసేదే కదా' అని అమ్మినవారు వాదించే అవకాశం ఉంది.

ఈసీ క్లీన్‌గా ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. అందులో వచ్చేది రిజిస్టర్ అయిన లావాదేవీలే. నోటరీ అగ్రిమెంట్లు, అన్నదమ్ముల పంపకాల గొడవలు, కోర్టు కేసులు కనిపించకపోవచ్చు. ఆస్తిపై కేసు నడుస్తుండగా కొంటే, సెక్షన్ 52 ప్రకారం ఆ తీర్పు కొన్నవారికీ వర్తిస్తుంది.

బిల్డర్ దగ్గర కొంటే?

2016 రెరా చట్టం ఇంకాస్త గట్టిది. పొజెషన్ ఇచ్చిన 5 ఏళ్లలోపు కట్టడంలో లోపం బయటపడి, ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. స్థలం టైటిల్‌లో లోపం వల్ల నష్టపోతే పరిహారమూ ఇవ్వాలి. అయితే ఇది ప్రమోటర్లకు సంబంధించిన చట్టం. ఓ వ్యక్తి తన పాత ఇల్లు అమ్ముకుంటే సాధారణంగా వర్తించదు. అక్కడ ప్రధానంగా సెక్షన్ 55పైనే ఆధారపడాలి.

మరి ఏం చేయాలి?

అడగండి.. అదీ రాతపూర్వకంగా! ఆస్తి గురించి, టైటిల్ గురించి కొనేవారు అడిగే ప్రశ్నలకు తెలిసినంతవరకు జవాబు చెప్పాలని ఇదే సెక్షన్ అంటోంది. కోర్టు కేసులున్నాయా? ఎవరికైనా అడ్వాన్స్ తీసుకున్నారా? లోన్ ఉందా? చెరువు, నాలా హద్దుల్లో ఉందా? ప్లాన్ ప్రకారమే కట్టారా? నోటీసులేమైనా వచ్చాయా? ఈ జవాబులన్నీ అగ్రిమెంట్‌లో రాయించుకోండి. రేపు గొడవొస్తే 'వాళ్లకు ముందే తెలుసు' అని నిరూపించాల్సింది మీరే మరి.

ఇంకో మాట. అగ్రిమెంట్‌లో వేరేలా రాసుకుంటే ఈ బాధ్యతలు మారిపోతాయి. 'ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నాం' అనే లైన్ కనిపిస్తే, లాయర్‌కు చూపించకుండా సంతకం పెట్టొద్దు.