రాయితీలు ఇచ్చి నిర్ణయం లాక్కుంటామా?

వికలాంగ విద్యార్థుల విషయంలో మన బడుల్లో పాతుకుపోయిన అభిప్రాయం ఒకటుంది. దయ వేషంలో ఉంటుంది కాబట్టి దాన్ని తప్పనడానికి ఎవరికీ నోరు రాదు. "పాపం, వాడికేం తెలుసు? ముందు నాలుగు అక్షరాలు రానివ్వండి, కాస్త పెద్దవాణ్ణి కానివ్వండి. అందాకా వాడి మంచిచెడ్డలు మనమే చూడాలి." హెడ్మాస్టరు దగ్గర్నుంచి ఆయా దాకా అందరూ తలూపే మాట ఇది. అమ్మానాన్నలూ ఊపుతారు. నేను ఊపలేను. ఈ దయ పిల్లల్ని కాపాడుతున్నట్టే కనిపిస్తూ, జీవితమంతా ఇంకొకరి చేతికింద బతికేలా తయారుచేస్తోంది.

సదరం ధ్రువపత్రంలో వైకల్యం ఎంత శాతమో డాక్టరు తేలుస్తాడు. ఏ ఉపకరణం ఇవ్వాలో శిబిరంలో తేలుతుంది. భవిత కేంద్రానికి ఎప్పుడు రావాలో సహిత విద్య టీచరు చెబుతారు. ఏ సబ్జెక్టు జోలికి పోవద్దో క్లాసు టీచరు చెబుతారు. డిసెంబరు 3న, వికలాంగుల దినోత్సవం నాడు, వేదికెక్కి ఏ పాట పాడాలో కూడా ఎవరో ముందే అనుకుని ఉంటారు. ఇందులో చాలావరకు అవసరమైన పనులే, చేసేవాళ్లూ మంచివాళ్లే. అయినా పదేళ్ల చదువులో "నీకేం కావాలి?" అని ఆ పిల్లవాణ్ణి అడిగిన సందర్భాలు మాత్రం వెతుక్కోవాలి.

"తెలివిడి వచ్చాక అడుగుదాం" అంటారు. అడగకపోతే తెలివిడి ఎలా వస్తుంది? మొరటు సామెతే గానీ, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదన్నట్టుంది ఈ తర్కం. నిర్ణయం తీసుకోవడం వయసుతో వచ్చే గడ్డం కాదు. ఎంచుకోవాలి, పొరబడాలి, సరిదిద్దుకోవాలి, అలాగే అబ్బుతుంది. ఆ సాధన చేయనివ్వకుండా పెంచి, పద్దెనిమిదేళ్లకు "చూశారా, వీడికేం తెలీదు" అనడం మనం చేసిన లోటును వాడి ఖాతాలో రాయడమే.

మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా కథ ఇప్పుడు అందరికీ తెలుసు. పదో తరగతయ్యాక సైన్సు చదువుతానంటే, చూపులేనివాళ్లకు కుదరదన్నారు. కోర్టుకెక్కి అనుమతి తెచ్చుకున్నాడు. 98 శాతం మార్కులు తెచ్చుకున్నాడు. అమెరికాలో ఎంఐటీలో చదివి వచ్చి, 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టాడు. 2024లో అతని మీద హిందీ సినిమా వస్తే చూసి చప్పట్లు కొట్టాం. కానీ గ్రూపు ఎంచుకోవడానికి ఒక కుర్రాడు కోర్టు మెట్లెక్కాల్సి రావడం చప్పట్లు కొట్టాల్సిన సంగతా? ఆ మెట్లు ఎక్కలేకపోయినవాళ్ల మీద సినిమాలు రావు.

సీబీఎస్‌ఈ పదో తరగతిలో చూపులేని పిల్లలు గణితం, సైన్సుల బదులు సంగీతం వంటి సబ్జెక్టులు తీసుకోవచ్చు. సంగీతం మీద ఇష్టంతో తీసుకున్న పిల్లకు అది హక్కు. చేత్తో తడిమి తెలుసుకునే పటాలతో రేఖాగణితం చెప్పే ఓపిక బడికి లేక, సంగీతం అంటగడితే అది గెంటివేత. కాగితం మీద రెండూ ఒకే రాయితీ. ఎవరు ఎంచుకున్నారన్నదే తేడా.

ఇంకో వాదం ఉంది: "మన కుటుంబాల్లో ఏ పిల్లవాడి నిర్ణయమైనా పెద్దలదే. ఎంపీసీయా బైపీసీయా అన్నది మామూలు పిల్లల్ని మాత్రం అడుగుతున్నామా? ఈ స్వీయ నిర్ణయం పడమటి సరుకు." మొదటి సగం నిజమే. అయితే మిగతా పిల్లలకు దొంగచాటు స్వేచ్ఛ ఒకటుంది. చెప్పిన దారిలో కాక ఇంకో దారిలో ఇంటికొస్తారు. మిగిలిన చిల్లరతో నచ్చింది కొనుక్కుంటారు. అలుగుతారు, ఎదురు తిరుగుతారు, క్లాసు ఎగ్గొడతారు. బడి నేర్పని నిర్ణయాలు వీధి నేర్పుతుంది. వికలాంగ పిల్లవాడి వెనక ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. వాడికి వీధి లేదు. అందుకే మిగతావాళ్ల కంటే వాడికే బడి ఈ పాఠం చెప్పడం ఎక్కువ అవసరం.

పడమటి సంగతీ చూద్దాం. అమెరికాలో పదహారేళ్లు నిండేసరికి, చదువు తర్వాతి జీవితం గురించి జరిగే ప్రణాళిక సమావేశానికి విద్యార్థిని పిలిచి తీరాలని చట్టం. అయినా అక్కడి పరిశోధకులు 109 సమావేశాలను గమనించి 2006లో ప్రకటించిన లెక్కలో, విద్యార్థులు మాట్లాడింది 3 శాతం సమయం. ప్రత్యేక విద్య టీచర్లు 51 శాతం. పిల్లల నోరు మూయించే అలవాటుకు తూర్పూ పడమరా లేదు. 1997లో వెమేయర్, ష్వార్ట్జ్ అనే పరిశోధకులు బడి వదిలిన వికలాంగ యువతను ఏడాది తర్వాత చూస్తే, స్వీయ నిర్ణయ శక్తి ఎక్కువున్నవారిలో 80 శాతం, తక్కువున్నవారిలో 43 శాతం ఉద్యోగాల్లో ఉన్నారు. చిన్న అధ్యయనమే, ఇదొక్కటే కారణమని తేల్చలేదు. కొట్టిపారేయగల తేడా మాత్రం కాదు.

"బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల సంగతో?" అన్నది చివరి అస్త్రం. రెండు బొమ్మలు ముందు పెడితే ఒకదాని మీద వేలు పెట్టడమూ నిర్ణయమే. కంచం తోసేయడమూ నిర్ణయమే. మనం దాన్ని మొండితనం అంటాం. 2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా పరిమిత సంరక్షకత్వం అన్నప్పుడు, సంరక్షకుడు ఆ వ్యక్తితో కలిసి నిర్ణయించాలనే చెప్పింది. కలిసి నిర్ణయించడం ఒక్కరోజులో వచ్చే విద్య కాదు, అది బడిలోనే మొదలవ్వాలి. "మేం పోయాక వీడి గతేంటి?" అని కుమిలిపోయే తల్లిదండ్రులకు నేను చెప్పగలిగేది కూడా ఇదే. మీరు లేని రోజున వాడికి అక్కరకొచ్చేది, మీరున్నప్పుడు చేయనిచ్చిన సాధనే.

పరీక్షల్లో రాసిపెట్టే సహాయకుడి విషయమే తీసుకోండి. పరీక్షలు పెట్టేవాళ్లే సహాయకుణ్ణి ఇస్తే, రెండు రోజుల ముందే కలిసి, సరిపోతాడో లేదో అభ్యర్థి చూసుకునే వీలుండాలని కేంద్రం 2018 మార్గదర్శకాల్లో చెప్పింది. సహాయకుణ్ణి ఎంచుకోవడం, నచ్చకపోతే వద్దనడం, చెప్పింది చెప్పినట్టు రాయించడం నేర్పాల్సిన విద్యలు. వాటికి టైంటేబుల్లో ఒక పీరియడైనా ఉందా?

ర్యాంపులు, ఉపకరణాలు, టీచర్లు కావాలని అడగడం ఆపొద్దు. దాంతోపాటు ఒక పని వెంటనే మొదలుపెట్టవచ్చు. వికలాంగ విద్యార్థి కోసం బడి తయారుచేసే ఏ వ్యక్తిగత విద్యా ప్రణాళికలోనైనా ఆ విద్యార్థి మాట లేకపోతే మండల విద్యాధికారి దాన్ని వెనక్కి పంపాలి. మాటలు రాని పిల్లవాడైతే ఎలా అడిగారో, ఏం జవాబొచ్చిందో రాయమనాలి. తమకు సంబంధించిన ప్రతి విషయంలో అభిప్రాయం చెప్పే హక్కు వికలాంగ బాలలకు ఉందని, అందుకు తగిన తోడ్పాటు ఇవ్వాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం నాలుగో సెక్షన్ చెబుతోంది. 2017 ఏప్రిల్ నుంచి అది అమల్లో ఉంది. కొత్త జీవో కోసం ఎదురుచూస్తున్నామనే సాకు ఎవరికీ మిగల్లేదు.